గల్ఫ్‌కు వెళ్లే కార్మికుడికి చట్టం ఉంది, అమెరికాకు వెళ్లే విద్యార్థికి లేదు

‘మేధో వలస’ మీద వ్యాసం రాయమంటే మనందరి పెన్నుల్లోంచి దాదాపు ఒకే వ్యాసం వస్తుంది. బ్రెయిన్ డ్రెయిన్‌తో మొదలుపెట్టి, బ్రెయిన్ గెయిన్ మీదుగా బ్రెయిన్ సర్క్యులేషన్ దగ్గర ఆగుతాం. మధ్యలో ప్రవాసులు పంపే డబ్బు గురించి రెండు వాక్యాలు, జాతీయ విద్యా విధానం 2020 గురించి ఒక వాక్యం, చివర్లో ‘సమతుల్య దృక్పథం అవసరం’. మార్కులు కూడా పడతాయి. కానీ ఆ వ్యాసంలో విద్యార్థి మనకు విమానం ఎక్కిన తర్వాతే కనిపిస్తాడు. ఎక్కడానికి ముందు ఏడాది, ఏడాదిన్నర పాటు ఎవరి మాట విన్నాడు, ఎవరికి డబ్బు కట్టాడు, ఏ కాగితాల మీద సంతకం పెట్టాడు అన్నది మన నోట్స్‌లో ఎక్కడా ఉండదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ ఏడాదిన్నర గురించే. విదేశాల్లో చదువుకునే మన పిల్లలు దెబ్బ తినడం చాలావరకు ఇక్కడ, సన్నద్ధత దశలోనే మొదలవుతోంది. ఆ దశ మొత్తాన్ని ప్రభుత్వం కమిషన్ మీద బతికే ఏజెంట్లకు వదిలేసింది. కూలి పనికి విదేశం వెళ్లేవారిని పంపే ఏజెంటు మీద మన దేశంలో చట్టం ఉంది. అంతకు ఎన్నో రెట్లు అప్పు చేసి చదువుకు వెళ్లేవారిని పంపే ఏజెంటు మీద అలాంటి కేంద్ర చట్టం లేదు. ఈ తేడాను సమర్థించే కారణం నాకు ఒక్కటీ కనిపించడం లేదు.

మీలో చాలామందికి ఇది సిలబస్‌లోని అంశం మాత్రమే కాదు. ఇంజినీరింగ్ అయ్యాక ‘ఎమ్మెస్‌కు వెళ్లు’ అని ఇంట్లో అంటే కాదని ఈ దారిలోకి వచ్చినవారు ఉన్నారు. తమ్ముడో చెల్లెలో ఇప్పుడు కన్సల్టెన్సీ చుట్టూ తిరుగుతున్నవారూ ఉన్నారు. రేపు మీరు అధికారిగా కుర్చీలో కూర్చున్నప్పుడు, పొలం తాకట్టు పెట్టి కొడుకును పంపిన తండ్రి అర్జీ పట్టుకుని మీ ముందుకే వస్తాడు. అప్పుడు ఏ చట్టం కింద ఏం చేయగలమన్నది ఇప్పుడే ఆలోచించాలి.

ముందు లెక్కలు చూద్దాం

విదేశాంగ శాఖ పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం 2024లో విదేశాల్లో ఉన్న భారతీయ విద్యార్థులు 13 లక్షలకు పైనే. అమెరికాలో 2023–24 విద్యా సంవత్సరంలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. చైనాను దాటి మనం మొదటి స్థానానికి వచ్చింది ఆ ఏడాదే. 2024–25లో ఆ సంఖ్య 3,63,019కి పెరిగింది. కేరళ వలసల సర్వే 2023 ప్రకారం ఆ ఒక్క రాష్ట్రం నుంచే విదేశాల్లో చదువుతున్నవారు సుమారు 2.5 లక్షలు. అయిదేళ్ల ముందు, అంటే 2018లో ఇందులో సగం. రిజర్వ్ బ్యాంకు లెక్కల్లో 2023–24లో విదేశీ చదువుల పేరిట మన వాళ్లు బయటికి పంపిన డబ్బు దాదాపు 350 కోట్ల డాలర్లు.

ఇంత డబ్బు చేతులు మారే ఏ రంగానికైనా మన దేశంలో ఒక నియంత్రణ సంస్థ ఉంటుంది. షేర్లకు సెబీ ఉంది, బీమాకు ఐఆర్‌డీఏఐ ఉంది, ఫ్లాట్లు అమ్మేవాళ్లకు రెరా ఉంది. విదేశీ చదువుల సలహా వ్యాపారానికి ఎవరున్నారు?

రెండు ప్రయాణాలు పక్కపక్కన పెట్టి చూడండి

జగిత్యాల నుంచో కడప నుంచో ఒక కార్మికుడు గల్ఫ్ దేశానికి బయలుదేరాడనుకోండి. అతనికి 1983 నాటి వలసల చట్టం వర్తిస్తుంది. అతన్ని పంపే ఏజెంటు ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, బ్యాంకు గ్యారంటీ కట్టాలి. కార్మికుడి దగ్గర వసూలు చేసే సేవా రుసుముకు 2017 నిబంధనలు 30,000 రూపాయలు, దానిపై పన్ను అని గరిష్ఠ పరిమితి పెట్టాయి. పదో తరగతి కూడా చదవని కార్మికుడు నిర్దేశించిన దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి ఉండాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా తప్పనిసరి. బయలుదేరే ముందు ఆ దేశ చట్టాలు, అతని హక్కులు చెప్పే శిక్షణ కార్యక్రమం కూడా ఉంది. తెలంగాణలో అయితే కార్మికులను విదేశాలకు పంపడానికి టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థే పనిచేస్తోంది.

ఇదంతా సజావుగా అమలవుతోందని నేను అనడం లేదు. రిజిస్ట్రేషన్ లేని సబ్ ఏజెంట్లు, విజిట్ వీసా మీద పంపేసే మోసాలు మన ఊళ్లకు కొత్త కాదు. అయినా మోసం జరిగితే ఫలానా సెక్షన్ కింద నేరం అని చెప్పడానికి ఒక చట్టం ఉంది. తలుపు తట్టడానికి ఒక కార్యాలయం ఉంది.

ఇప్పుడు అదే జిల్లా నుంచి 22 ఏళ్ల అమ్మాయి 40 లక్షల అప్పుతో ఎమ్మెస్‌కు బయలుదేరిందనుకోండి. 1983 చట్టం దృష్టిలో ఉద్యోగం కోసం దేశం దాటేవారే వలసదారులు. ఈ అమ్మాయి ఆ నిర్వచనంలోకి రాదు. ఆమెను పంపే కన్సల్టెన్సీకి ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, గ్యారంటీ అక్కర్లేదు, రుసుముకు పరిమితి లేదు. చట్టం తప్పనిసరి చేసిన ముందస్తు శిక్షణ లేదు. 2021 జూన్‌లో విదేశాంగ శాఖ ప్రజాభిప్రాయం కోసం పెట్టిన వలసల ముసాయిదా బిల్లు కూడా ఉద్యోగ వలస చుట్టూనే తిరిగింది.

‘చదువుకున్నవాళ్లు కదా, తమను తాము చూసుకోగలరు’ అన్నది దీని వెనకున్న భావన. డిగ్రీ ఉంటే అమెరికా వలస చట్టం అర్థమవుతుందా? మనలో ఎంతమందిమి ఇంటి అద్దె ఒప్పందం పూర్తిగా చదివి సంతకం పెట్టాం?

ఉచిత సలహాకు ఖరీదు ఎవరు కడుతున్నారు?

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌లలోనో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో బోర్డులు చూసే ఉంటారు. ‘ప్రాసెసింగ్ ఉచితం’, ‘బ్యాక్‌లాగ్స్ ఉన్నా ఫర్వాలేదు’, ‘ఐఈఎల్‌టీఎస్ లేకుండానే అడ్మిషన్’. ఉచితమైతే అంత పెద్ద ఆఫీసుకు అద్దె ఎలా కడుతున్నారని మనం అడగం. చాలాచోట్ల ఆ డబ్బు విశ్వవిద్యాలయాల నుంచి వస్తుంది. చేర్చిన ప్రతి విద్యార్థికీ మొదటి ఏడాది ఫీజులో ఇంత వాటా అని ఒప్పందాలుంటాయి. అప్పుడు ఏ కాలేజీ విద్యార్థికి సరిపోతుందన్న ప్రశ్న వెనక్కి వెళ్లి, ఏ కాలేజీ ఎక్కువ ఇస్తుందన్న ప్రశ్న ముందుకొస్తుంది. కన్సల్టెంట్లందరూ మోసగాళ్లు కాకపోవచ్చు. కానీ ఈ ఏర్పాటులో నిజాయితీగా ఉన్నవాడికి ఆదాయం తగ్గుతుంది. అందుకే దీన్ని వ్యక్తుల స్వభావంగా కాక వ్యవస్థలోని లోపంగా చూడమంటున్నాను.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, జవాబులో పనికొస్తుంది. అమెరికా ఉన్నత విద్యా చట్టం, ఫెడరల్ సాయం అందుకునే కాలేజీలు విద్యార్థుల్ని చేర్చినందుకు తలకు ఇంత అని కమిషన్ ఇవ్వడాన్ని నిషేధించింది. తలల లెక్కన కమిషన్ ఇస్తే విద్యార్థి నష్టపోతాడని వాళ్లకు తెలుసు. కానీ అదే చట్టం ఆ సాయానికి అర్హత లేని, విదేశాల్లో ఉండే విదేశీ విద్యార్థుల చేరికకు మినహాయింపు ఇచ్చింది. అంటే వాళ్ల పిల్లల విషయంలో తప్పయిన పని మన పిల్లల విషయంలో తప్పు కాదు. వాళ్ల చట్టం వాళ్ల పౌరుల్ని కాపాడుకుంటే మనం కోప్పడలేం. మన పౌరుల్ని కాపాడాల్సిన చట్టం ఎక్కడుందని మాత్రం మనల్ని మనం అడగాలి.

కమిషన్ లెక్క ముందుకొచ్చాక సన్నద్ధత అంటే ఏమవుతుందో చూడండి. ఎందుకు చదవాలనుకుంటున్నారో విద్యార్థి స్వయంగా ఆలోచించి రాయాల్సిన ఎస్‌ఓపీ, పేర్లు మార్చి పదిమందికి అతికించే కాగితమవుతుంది. ప్రొఫెసర్ రాయాల్సిన సిఫార్సు లేఖను విద్యార్థే టైపు చేసి సంతకానికి తీసుకెళ్తాడు. ఖాతాలో కొన్నాళ్లు డబ్బు పెట్టి చూపించడానికి వడ్డీ తీసుకునేవాళ్లు తయారవుతారు. వీసా ఇంటర్వ్యూ జవాబులు కంఠతా పట్టిస్తారు. చిలుకూరు బాలాజీ చుట్టూ చేసే ప్రదక్షిణల్ని నేను తప్పుపట్టను, అది విశ్వాసం. వీసా ముద్ర పడగానే చదువుకు సిద్ధమైపోయామని అనుకోవడమే నా అభ్యంతరం. వీసా అధికారి రెండు మూడు నిమిషాల్లో సంతృప్తి పడితే చాలన్నట్టు ఏడాదంతా గడిచిపోతుంది. సెమిస్టర్‌లో ఏం చదవాలి, రెండో ఏడాది ఫీజు ఎలా కట్టాలి అన్నవి అక్కడికెళ్లాక చూసుకునే విషయాలైపోతాయి.

డబ్బు లెక్కే తీసుకోండి. అమెరికా కాలేజీ ఇచ్చే ఐ–20లో చూపే ఖర్చు మొదటి ఏడాదిది. నిధులు చూపించేది కూడా ఆ మొత్తానికే. రెండో ఏడాది సంగతి ఏమిటంటే ‘పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు’ అన్న జవాబు వస్తుంది. ఎఫ్–1 వీసా మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. అనుమతి లేకుండా బయట పెట్రోల్ బంకులోనో రెస్టారెంట్‌లోనో చేస్తే వీసా హోదాకే ముప్పు. ‘అందరూ చేస్తున్నారు’ అన్న భరోసా ఇచ్చినవాడు, పట్టుబడిన రోజు ఫోన్ ఎత్తడు.

ఒక లెక్క వేద్దాం. 40 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెల కిస్తీ సుమారు 55,000 రూపాయలు. చదివే రోజుల్లో పేరుకునే వడ్డీ ఏడాదికి 4.4 లక్షలు, అది వేరు. 2014లో 60 రూపాయల చుట్టూ ఉన్న డాలరు 2025 నాటికి 85 దాటింది కాబట్టి రెండో ఏడాది ఫీజు ఇవాళ్టి రేటుకే ఉంటుందని అనుకోవడానికి వీల్లేదు. డాలర్లలో జీతం వస్తే ఈ అప్పు తీరుతుంది. ఉద్యోగం దొరక్క తిరిగొస్తే, ఇక్కడ కొత్తగా చేరినవాడి జీతం మొత్తం కిస్తీకే సరిపోవచ్చు. ఈ రెండో దారి గురించి సంతకానికి ముందు ఎంతమంది తల్లిదండ్రులకు చెబుతున్నారు?

సన్నద్ధత లేని ప్రయాణం ఎక్కడ తేలింది?

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీపై అమెరికా అధికారులు దాడులు చేశారు. విద్యార్థుల్లో ఎక్కువమంది భారతీయులు, వారిలోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వారే అధికం. సగానికి పైగా విద్యార్థుల చిరునామాగా ఒకే అపార్ట్‌మెంటును చూపించారని దర్యాప్తులో తేలింది. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తొడిగారు, మన ప్రభుత్వం నిరసన తెలిపింది. ఆ సంస్థ వ్యవస్థాపకురాలికి 2014లో 16 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఆ సంస్థకు ఐ–20లు ఇచ్చే అనుమతి అధికారికంగానే ఉండేదన్నది ఇక్కడ అసలు పాఠం. ఐ–20 ఇవ్వగలగడం వేరు, విద్యా ప్రమాణాల గుర్తింపు వేరు. ఈ తేడా వివరించడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు ఎవరూ కేటాయించలేదు.

ఎనిమిదేళ్లకు, 2019 జనవరిలో, మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కథ బయటపడింది. అది అమెరికా అధికారులే వలగా పన్నిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం. మొదటి విడతలో అదుపులోకి తీసుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు, వారిలో చాలామంది తెలుగువారు. డబ్బు తీసుకుని విద్యార్థుల్ని చేర్చిన 8 మంది రిక్రూటర్లపై కేసులు పెట్టారు. ఆ విద్యార్థులంతా అమాయకులని నేను వాదించను. తరగతులే లేని చోట పేరు రాయించుకుంటున్నప్పుడు అనుమానం రావాలి. కానీ వారిలో ఎక్కువమంది అప్పటికే అమెరికాలో ఉండి, అక్కడికి మారినవారు. అంత దూరం వెళ్లి తరగతుల్లేని చోటు వెతుక్కునే పరిస్థితి ఒక్కరోజులో రాదు. చేతిలో అప్పు, తలమీద హోదా గడువు ఉన్నవాడికి తప్పుడు దారి కూడా దారిలాగే కనిపిస్తుంది.

2023లో కెనడా వంతు. అక్కడికి వెళ్లి చదివి, ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టినప్పుడు, వారి మొదటి అడ్మిషన్ లేఖ నకిలీదని తేలింది. ఆ లేఖలు తెచ్చిచ్చింది పంజాబ్‌లోని జలంధర్ కేంద్రంగా పనిచేసిన ఏజెంటు. బహిష్కరణ నోటీసులు మాత్రం విద్యార్థులకు వచ్చాయి. నిరసనల తర్వాత కెనడా ప్రభుత్వం ఒక్కో కేసును విడిగా పరిశీలించడానికి ఒప్పుకుంది. 2023 డిసెంబర్ 1 నుంచి ప్రతి అడ్మిషన్ లేఖనూ కాలేజీతో సరిచూసుకునే పద్ధతి తెచ్చింది. కెనడా తన తలుపుకు గొళ్లెం బిగించుకుంది. మనం మన వైపు ఏం మార్చుకున్నాం?

వైద్య విద్య సంగతీ చూడాలి. విదేశంలో ఎంబీబీఎస్‌కు వెళ్లాలన్నా నీట్ అర్హత ఉండాలని 2018లో నిబంధన వచ్చింది. 54 నెలల కోర్సు, ఆంగ్ల మాధ్యమం, 12 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అని జాతీయ వైద్య కమిషన్ 2021లో నియమాలు పెట్టింది. తిరిగొచ్చాక రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈలో చాలా విడతల్లో ఉత్తీర్ణత మూడో వంతు కూడా దాటడం లేదు. అంటే ప్రభుత్వం తలచుకుంటే నియమాలు పెట్టగలదు. కానీ ఆ నియమాల బరువంతా విద్యార్థి భుజాల మీదే పడింది. నియమాలకు సరిపోని కాలేజీకి తెలిసి పంపిన ఏజెంటు మీద వాటిలో ఒక్క మాట లేదు.

మీరు అడగబోయే ప్రశ్నలు

‘విదేశీ ప్రయాణం ప్రాథమిక హక్కు కదా, ఆంక్షలు పెట్టవచ్చా?’ సత్వంత్ సింగ్ సాహ్నీ (1967), మేనకా గాంధీ (1978) తీర్పులు మీకు తెలిసినవే. విదేశీ ప్రయాణం 21వ అధికరణలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగం. నేను విద్యార్థిని ఆపమనడం లేదు, అతని పేరిట వ్యాపారం చేసేవాడిని నియంత్రించమంటున్నాను. రోగి హక్కును కాపాడాలనే మందుల షాపుకు లైసెన్స్ పెట్టాం.

‘ఇది మళ్లీ లైసెన్స్ రాజ్ కాదా?’ ఆస్ట్రేలియాను ఎవరూ లైసెన్స్ రాజ్ అనరు. విదేశీ విద్యార్థుల కోసం అక్కడ 2000లోనే ఈఎస్‌ఓఎస్ చట్టం తెచ్చారు. కాలేజీలు తమ ఏజెంట్లతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి, ఆ ఏజెంట్ల పేర్లు బయటపెట్టాలి. జర్మనీ మన విద్యార్థుల సర్టిఫికెట్లను ఢిల్లీలోని ఏపీఎస్ కేంద్రం ద్వారా ముందే పరిశీలించే పద్ధతిని 2022 నవంబర్ నుంచి తప్పనిసరి చేసింది. విద్యార్థుల్ని తీసుకునే దేశాలు జాగ్రత్త పడుతున్నాయి. పంపే దేశం చేతులు కట్టుకుని కూర్చుంది.

‘పంజాబ్‌లో చట్టం ఉంది కదా, అయినా జలంధర్ మోసం ఆగలేదే?’ ఇది బలమైన అభ్యంతరం, దాటవేయకూడదు. ట్రావెల్ ఏజెంట్లు, కన్సల్టెన్సీలు, ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ కేంద్రాలు లైసెన్స్ తీసుకోవాలని పంజాబ్ 2012లోనే చట్టం చేసింది. చట్టం ఉన్నంతమాత్రాన మోసం ఆగదని అక్కడే రుజువైంది. లైసెన్స్ ఇచ్చాక తనిఖీ లేకపోతే అది గోడకు వేలాడే కాగితమే. పైగా ఒక రాష్ట్రం గట్టిగా పట్టుకుంటే బోర్డు పక్క రాష్ట్రంలో లేస్తుంది. కాబట్టి ఈ అనుభవం కేంద్ర చట్టం, స్థానిక తనిఖీ రెండూ కావాలని చెబుతోంది. చట్టమే వద్దని చెప్పడం లేదు. వలసలు కేంద్ర జాబితాలో 19వ అంశం, విద్య ఉమ్మడి జాబితాలో 25వ అంశం. అధికారం లేదని చెప్పుకునే వీలు ఏ ప్రభుత్వానికీ లేదు.

‘పెద్దవాళ్లే కదా, వాళ్ల బాధ్యత వాళ్లది.’ నిజమే, అబద్ధపు కాగితం మీద సంతకం పెట్టినవాడికి బాధ్యత ఉంటుంది. మరి ఆ కాగితం తయారుచేసినవాడికి? ప్రస్తుతం శిక్ష ఒకడికి, కమిషన్ ఇంకొకడికి.

డబ్బిచ్చే చోట కూడా ఆలస్యమే

మంచి సన్నద్ధతకు మన చరిత్రలో గొప్ప ఉదాహరణ అంబేడ్కర్. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో కొలంబియాకు వెళ్లారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో లండన్ చదువు మధ్యలో వదిలి తిరిగొచ్చారు. డబ్బు కూడబెట్టుకుని, అప్పు చేసి 1920లో మళ్లీ వెళ్లారు. అంతటి విద్యార్థికి కూడా ప్రతిభ ఒక్కటే సరిపోలేదు, వెనక సంస్థాగత ధనసాయం కావలసి వచ్చింది. అది ఆగిన చోట మూడేళ్లు పోయాయి.

ఈ పాఠం మనం నేర్చుకున్నామా? ఎస్సీ తదితర వర్గాలకు కేంద్రం ఇచ్చే జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ స్థానాలు ఏడాదికి దేశం మొత్తానికి 125. 2025లో ఎంపికైన 106 మందిలో 40 మందికే మొదట తాత్కాలిక మంజూరు పత్రాలు వచ్చాయి. మిగతావారికి నిధులు ఉంటేనే అన్నారు. సెప్టెంబర్‌లో తరగతులు మొదలయ్యే విద్యార్థికి జూలైలో చెప్పిన మాట ఇది. 2022లో మార్చిన మార్గదర్శకాలు భారతీయ సంస్కృతి, చరిత్ర, భారతదేశంపై సామాజిక అధ్యయనాలను ఈ పథకం నుంచి తీసేశాయి. కులాల మీద 1916లో కొలంబియాలో పత్రం సమర్పించిన అంబేడ్కర్, ఆ అంశంతో ఇవాళ దరఖాస్తు చేస్తే ఈ స్కాలర్‌షిప్‌కు అర్హులు కారు. మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యా రుణాలపై వడ్డీ రాయితీ ఇచ్చిన ‘పఢో పర్‌దేశ్’ పథకాన్ని 2022–23 నుంచి నిలిపేశారు.

తెలంగాణలో అంబేడ్కర్, జ్యోతిబా ఫూలే పేర్లతో ఉన్న ఓవర్సీస్ విద్యానిధి పథకాలు 20 లక్షల వరకు సాయం ఇస్తాయి. మంచి పథకాలే. కానీ సాయం వీసా వచ్చాక, చేరాక, విడతల్లో అందితే ఆలోపు కుటుంబం వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లక తప్పదు. సమయానికి అందని స్కాలర్‌షిప్ పేద విద్యార్థిని మళ్లీ ఏజెంటు గుమ్మంలోనే నిలబెడుతుంది. నియంత్రణ, ధనసాయం రెండూ కలిపి చూడాలని అనడానికి కారణం ఇదే.

ఏం చేయాలి?

ఒకటి, 1983 చట్టం స్థానంలో వచ్చే కొత్త చట్టంలో విద్యా ఏజెంట్లను చేర్చాలి. రిజిస్ట్రేషన్, బ్యాంకు గ్యారంటీ, విద్యార్థితో రాతపూర్వక ఒప్పందం, నకిలీ పత్రాలకు జైలుశిక్ష అందులో ఉండాలి.

రెండు, ఏ కాలేజీ నుంచి ఎంత కమిషన్ వస్తుందో విద్యార్థికి రాసి ఇవ్వాలి. కోచింగ్ సెంటర్ల తప్పుడు ప్రకటనలపై 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. మన కోచింగ్ బోర్డులకు వర్తించిన ఆ తర్కం ‘వంద శాతం వీసా’ బోర్డులకూ వర్తించాలి.

మూడు, కార్మికులకున్నట్టే విద్యార్థులకూ ఉచిత ముందస్తు శిక్షణ జిల్లా స్థాయిలో పెట్టాలి. 2024 జూలైలో లోక్‌సభకు ఇచ్చిన జవాబు ప్రకారం అంతకుముందు అయిదేళ్లలో 633 మంది భారతీయ విద్యార్థులు విదేశాల్లో చనిపోయారు. సహజ కారణాలు, ప్రమాదాలు అన్నీ కలిపిన లెక్క అది. ప్రతి మరణాన్నీ శిక్షణ ఆపలేదు. కానీ ఈత, రోడ్డు నియమాలు, ఆరోగ్య బీమా, ఒంటరితనం వచ్చినప్పుడు ఎవరితో మాట్లాడాలి అన్నవి చెప్పి పంపడానికి ఖర్చు తక్కువ. అరెస్టయితే తన దేశ రాయబార కార్యాలయానికి తెలియజేయమని కోరే హక్కు 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణ ఇస్తుందని, ‘మదద్’ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలని ప్రతి విద్యార్థికీ తెలియాలి.

నాలుగు, స్కాలర్‌షిప్ మంజూరు గడువును ప్రవేశాల క్యాలెండర్‌తో కట్టేయాలి.

మీ ఇంట్లో ఎవరైనా వెళ్తుంటే

చట్టం వచ్చేదాకా విద్యార్థి ఆగడు. అందుకని మీ తమ్ముడు, చెల్లెలు సంతకం పెట్టేముందు మీరు పక్కన కూర్చుని నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ కాలేజీకి గుర్తింపు ఇచ్చిన సంస్థ ఏది, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో మనమే చూసుకున్నామా? మన తరఫున ఏ కాగితాలు పంపారో మొత్తం కాపీ మన దగ్గర ఉందా, ఈమెయిల్, పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉన్నాయి? రెండో ఏడాది ఫీజు పార్ట్‌టైమ్ పని లేకుండా కట్టగలమా? ఉద్యోగం రాకుండా తిరిగొస్తే కిస్తీ ఎవరు కడతారు? నాలుగింటికీ జవాబు దొరికితే సంతోషంగా పంపండి. దొరక్కపోతే ఒక ఏడాది ఆగినంత మాత్రాన జీవితం ఆగిపోదు. ఆ మాట ప్రిపరేషన్‌లో ఉన్న మనకంటే బాగా ఎవరు చెప్పగలరు?

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన పాలనకు అలవాటైపోయింది. ట్రై వ్యాలీ తర్వాత నిరసన తెలిపాం, ఫార్మింగ్టన్ తర్వాత అమెరికా రాయబార కార్యాలయానికి లేఖ ఇచ్చాం, కెనడా ఉదంతంలో విజ్ఞప్తులు చేశాం. ఆ పిల్లల్ని పంపిన గుమ్మం మాత్రం మన ఊళ్లోనే, మన కలెక్టరేట్‌కు కూతవేటు దూరంలో ఉంది. రేపు ఆ కలెక్టరేట్‌లో కూర్చోవాలని చదువుతున్నది మీరే. కాబట్టి ఈసారి ‘మేధో వలస’ మీద వ్యాసం రాసేటప్పుడు విమానాశ్రయం నుంచి మొదలుపెట్టకండి, ఆ గుమ్మం దగ్గర మొదలుపెట్టండి.

సాధన ప్రశ్న: “విదేశీ విద్యకు వెళ్లే విద్యార్థుల రక్షణ వారు దేశం దాటకముందే మొదలుకావాలి.” 1983 వలసల చట్టం పరిమితుల వెలుగులో చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)